కళావరు రాణి

ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉండాలంటారు.
తినేది ఉప్పే అయితే
ఎవరికి చెప్పుకోవాలి?

నాలుగు చలికాలాలు తిన్నది నా కారు చక్రాల్ని.
మంచు కరగడానికి రోడ్డు మీద వాళ్లు చల్లింది కొంత,
సముద్రం ఊరికే చల్లింది కొంత.
ఈ స్టామ్‌సుండ్‌లో చేపకి కూడా ఉప్పు అక్కర్లేదు,
కొయ్యల మీద జంటలుగా వేలాడి
గాలికే ఎండుతుంది కాడ్.
మిగిలిందంతా నా అల్లాయ్‌ల మీద పడ్డట్టుంది.
పైపూత కింద తెల్లటి దారులు,
చెదపురుగు చదివిన పుస్తకంలా.

ఇంటింటికీ తిరిగే నర్సుని నేను.
పుండు పైకి ఎంతుందో చూసి
లోపల ఎంత దూరం పోయిందో
అంచు నొక్కి చెప్పగలను.
వీటికీ అంతే.
బాగున్న లోహం తగిలేదాకా గీకాలి.
జాలిపడితే మళ్లీ చీము పడుతుంది.

ఏప్రిల్ దాటితే మేకుల టైర్లు తిప్పకూడదు, చట్టం.
అందుకని ఈస్టర్‌కి నాలుగు రోజులు సెలవు,
అద్దెకి తీసుకున్న పడవ కొట్టం,
దగ్గుతూ మండే నూనె పొయ్యి.

మందు కొట్టగానే బ్రేకు ధూళి
నేరేడు రంగులో కారింది.
కడిగాను. ఎనభై నంబరు గరుకు కాగితం,
తర్వాత రెండొందల నలభై,
తర్వాత నాలుగొందలు, నీళ్లతో.
వేళ్ల కణుపులు చక్రం కంటే ముందు నున్నబడ్డాయి.
మూడో చక్రానికి జానెడు గాటు.
తుఫానులో తగిలింది కాదు, అర్ధరాత్రి పిలుపులోనూ కాదు,
పట్టపగలు, రొట్టె తింటూ,
ఆసుపత్రి గట్టుకి నేనే రాసుకుపోయాను.
పుట్టీ పెట్టి మూసేశాను. ఎవరికీ చెప్పలేదు.

రబ్బరుకి రంగు అంటకూడదంటే
టైరుకీ అంచుకీ నడుమ పేకముక్కలు దోపాలి,
ఒకదాని భుజం మీద ఒకటి.
ఇంట్లో ఉన్నది ఒకటే పేక, గురువారాలది.
చుట్టూ దోపేసరికి
చక్రం పురివిప్పినట్టయింది.
లెక్కపెడితే యాభై ఒకటి.
కళావరు రాణి లేదు.
సోఫా కింద లేదు, అలమరలో లేదు.
సరే, నువ్వు లేకపోతే పని ఆగుతుందా అన్నాను.

ప్రైమరు. వెండి రంగు. పైన వార్నిష్.
పల్చగా ఒక పొర, ఆగడం,
ఇంకో పొర, మళ్లీ ఆగడం.
ఈ పనిలో సగం చేతులు కట్టుకు కూర్చోవడమే.
ఆరాక మైనం,
ముందువైపే కాదు, వెనకవైపూ.
"లోపలెవరు చూస్తారు, బోర్గిల్డ్?" అన్నాడు ఐలిఫ్
తలుపుకి ఆనుకుని కాఫీ తాగుతూ.
ఉప్పు చూస్తుంది అన్నాను.

హబ్బు తుప్పు తీగబ్రష్షుతో తీసి
వేలిగోరంత గ్రీజు రాసి
చక్రాలెక్కించి, బోల్టులు ఎదురెదురుగా బిగించాను.
టార్క్ రెంచి టక్కుమంటే ఆగాలి.
ఇంకొంచెం అనే చెయ్యే
బోల్టుని తెంపుతుంది.
యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి,
కుట్లు విప్పిన వారానికి చూసినట్టు.

ఇప్పుడు వాన పడితే
చుక్క నిలబడదు వాటి మీద.

రాణి దొరికింది.
నా డ్యూటీ పుస్తకంలో, ఫిబ్రవరిలో,
ఎవరిదో రక్తపోటు పక్కన గుర్తుగా పడుకుని.
పేకలో కలిపాను.
మిగతా యాభై ఒకటికీ సగానికి వెండి అంచు,
రాజులకీ జాకీలకీ పెళ్లి బట్టల్లా.
ఆమె ఒక్కతే పాత చీరలో ఉంది.

ఇక దాపరికమేముంది?
ఎవరి చేతిలో ఉంటే
వాళ్ల చెయ్యి అందరికీ తెలుసు.
కొత్త పేక కొను, అంటుంది సిన్నోవే ప్రతి గురువారం.
టోర్‌గేర్ తలూపుతాడు.
ఎవరూ కొనరు.

ఈ వారం ఆమె నాకొచ్చింది.
ముగ్గురూ కిటికీలోంచి
నా చక్రాలకేసి చూస్తున్నట్టు నటిస్తున్నారు.
దాచలేదు.
మొదటి ముక్కగా
ఆమెనే వేశాను.